సీసా తెచ్చుకున్నారా?

నాకిచ్చిన అంశం ‘గ్రామ పరిచర్యలో ఒక రోజు – మూడు పాఠాలు’. మూడూ చెబుతాను. మొదటిది, తెల్లారకముందే బయల్దేరాలి. ఎండెక్కాక వెళితే అందరూ పొలాల్లో ఉంటారు. అది అయిపోయింది.

రెండోదానికి ముందు మిషనరీ డాక్టరు కూగ్లర్ అమ్మగారి మాట ఒకటి చెప్పాలి, చెప్పకపోతే నాకు తోచదు. 1883లో ఆవిడ గుంటూరు వచ్చింది డాక్టరు చదువు పూర్తిచేసుకునే. పంపిన మిషన్‌వాళ్ళు మాత్రం వైద్యం కోసమని పంపలేదు. ఆస్పత్రి తెరిచేసరికి 1898 వచ్చింది. ఆ పదిహేనేళ్ళలో ఆవిడ ఎన్ని గడపలు ఎక్కి దిగిందో! ఒంగోలు మిషనరీ క్లౌ దొర సంగతీ అంతే. 1878లో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చారని ప్రతి ప్రసంగంలోనూ వింటాం. అంతకుముందు కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి, ఆకలితో వచ్చినవాళ్ళకు కూలి ఇప్పించాడు. కూటికోసం మతంలోకి వచ్చారని అనిపించుకోకూడదని, ఆ పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలే ఆపేశాడు. ఆ ఆపిన సంగతి ఎవరూ చెప్పరు.

ఇదిగో, నా ముందు నీళ్ళ సీసా పెట్టారు. పాస్టరుగారు రెండు గుక్కలు తాగి వదిలేసిన సీసా ఆ పక్కన ఉంది. ఇవాళ సీసాకు విలువ లేదు. మా రోజుల్లో పల్లెల్లో పెట్టే వైద్య క్యాంపులో మొదటి ప్రశ్న ‘ఏం జబ్బు?’ కాదు, ‘సీసా తెచ్చుకున్నారా?’ సిరాబుడ్డి, ఆముదం సీసా, బ్రాందీ సీసా – ఏది ఉంటే అది తెచ్చేవాళ్ళు. కాంపౌండరుగారు మిక్చరు పోసి, కాగితం ముక్కను మడతపెట్టి కత్తెరతో కత్తిరించేవారు. విప్పితే పళ్ళొచ్చేవి. దాన్ని అన్నం మెతుకుతో సీసాకు అంటించి ‘పొద్దున ఒక పన్ను, మాపటికి ఒక పన్ను’ అని చెప్పేవారు. చదువురాని ముసలమ్మ కూడా తప్పేది కాదు. ఇప్పుడో? మాత్రల అట్ట చేతిలో పెట్టి, బ్యానరు ముందు ఫొటో తీసుకొని వచ్చేస్తున్నారు. వెనక వరసలో గుసగుసలాడుతున్న నర్సింగ్ అమ్మాయిలూ, మిమ్మల్నే అంటున్నాను!

ఇక రెండో పాఠం. పల్నాడు వైపు ఒక ఊళ్ళో, ఎండాకాలంలో, ఉపదేశిగారి ఇంటిముందు వేపచెట్టు కింద బల్ల వేసుకున్నాం. ఒక ముసలావిడ దగ్గుతూ వచ్చింది. చేతిలోని సీసా నుంచి గుప్పున కిరసనాయిలు కంపు. అప్పటికి వంద మందిని చూసి విసిగి ఉన్నానేమో, ‘కడుక్కుని రాపో’ అని కసిరాను. ఆవిడ మారుమాట్లాడకుండా వెళ్ళిపోయింది. గంటయింది, రెండు గంటలైంది, రాలేదు. వీళ్ళింతే అనుకున్నాను.

వ్యాను స్టార్టు చేశాక రొప్పుతూ వచ్చింది. ‘మూడుసార్లు కడిగానమ్మా’ అంది. ఉపదేశిగారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. పేట బావి ఎండిపోయింది. ఊరి బావిలో పేటవాళ్ళు తోడుకోకూడదు, ఎవరైనా వచ్చి పోసేదాకా గట్టు కింద నిలబడాలి. మూడుసార్లు కడగడానికి ఎందరిని బతిమాలుకుందో! మా వ్యానులో తాగేనీళ్ళ క్యాను నిండుగా ఉంది. నాకు తట్టనేలేదు.

కంపు మాత్రం పోలేదు. ఉపదేశిగారి భార్య ఇంట్లోంచి తేనెసీసా ఖాళీచేసి, కడిగి తెచ్చింది. కాంపౌండరుగారు కట్టిన పెట్టె మళ్ళీ విప్పారు. ఈసారి కాగితం నేనే కత్తిరించాను. ముసలావిడ చెరో చేత్తో రెండు సీసాలూ పట్టుకొని, ఏది మందుదో మరిచిపోకుండా ఆ చేయి కాస్త పైకెత్తి నడుచుకుంటూ వెళ్ళింది.

సెక్రటరీగారు గడియారం చూపిస్తున్నారు. మూడో పాఠం భోజనాల దగ్గర చెబుతాలెండి. పాస్టరుగారూ, మీ సీసాలో ఇంకా సగానికి పైగా ఉన్నాయి, వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళండి.