నీకు ఎవరు చెప్పారు?

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ప్రియమైన ఉప్పల్, నాచారం సోదరులారా! 2018 మే నెలాఖరు, రంజాన్ ఉపవాసాల రోజులవి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు పాకింది. మన నగరంలోనే, చాంద్రాయణగుట్టలో, రాత్రివేళ యాచనకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళలను జనం చుట్టుముట్టి కొట్టారు. వారిలో ఒకరు మరణించారు. ఆమె ఎవరి బిడ్డనూ ఎత్తుకుపోలేదు. ఆ రోజుల్లో మనలో ఎంతమందిమి అటువంటి సందేశాన్ని 'జాగ్రత్త' అంటూ బంధువులకు పంపామో అల్లాహ్‌కే తెలుసు. మేలు చేస్తున్నామనే అనుకున్నాము.

వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కానప్పుడు నిజానిజాలు విచారించాలని, లేకుంటే తెలియక ఒక జనసమూహానికి హాని చేసి ఆనక పశ్చాత్తాపపడవలసి వస్తుందని హుజురాత్ సూరా 6వ ఆయత్ హెచ్చరిస్తుంది. వ్యాఖ్యాతలు దీని నేపథ్యాన్ని ఇలా వివరించారు: బనూ ముస్తలిఖ్ తెగవారు జకాత్ ఇవ్వ నిరాకరించారని, తనను చంపబోయారని ఒక వ్యక్తి మదీనాకు వచ్చి చెప్పాడు. నిజానికి వారు అతనికి స్వాగతం పలకడానికే ఎదురు వచ్చారు. విచారణ జరగకపోతే ఆ ఒక్క మాటపై యుద్ధమే జరిగి ఉండేది.

అందుకే మన హదీసువేత్తలు ప్రతి మాటకూ 'నీకు ఎవరు చెప్పారు?' అని అడిగారు. చెప్పినవాడు సత్యవంతుడా, తాను విన్నానంటున్న వ్యక్తిని కలిశాడా, అతని జ్ఞాపకశక్తి ఎలాంటిది అని శోధించారు. ఇప్పుడు మన ఫోను చూద్దాం. సందేశంపై జంట బాణాల గుర్తు ఉంటే, అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. ఐదుగురు రావీలు, ఒక్కరి పేరూ తెలియదు! ఇటువంటి రివాయతును ఏ ముహద్దిసు స్వీకరిస్తాడు?

2020 ఏప్రిల్‌లో పాత వీడియోలను కొత్తవిగా చూపి, కరోనాను ముస్లిములే వ్యాపింపజేస్తున్నారని ప్రచారం చేశారు. ఆ గాయం మనకు గుర్తుంది. కాని మరుసటి సంవత్సరం మనమేం చేశాము? కరోనా నమూనాలను పరీక్షించిన సీసీఎంబీ ఉప్పల్ రోడ్డులోనే, హబ్సిగూడలో ఉంది. దాని మాటను పక్కనపెట్టి, టీకా వేసుకుంటే సంతానం కలగదన్న ఊరూ పేరూ లేని గొంతును నమ్మాము. మన మస్జిద్ గ్రూపులోనూ ఆ గొంతు వినిపించింది. మనపై అబద్ధం వస్తే ఆధారం అడుగుతాము. మనకు నచ్చిన అబద్ధాన్ని అడగకుండా పంపుతాము.

విచారించడం కష్టమేమీ కాదు. వీడియోలోని దుకాణాల బోర్డులు ఏ లిపిలో ఉన్నాయో, బండ్ల నంబర్లు ఏ రాష్ట్రానివో చూడండి. ఒక దృశ్యాన్ని ఫొటో తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. ఎన్నో ఏళ్ల నాటి, మరో దేశపు సంఘటన అని బయటపడవచ్చు. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ సంస్థ తెలుగులోనే ఇటువంటి పరిశీలనలు ప్రచురిస్తుంది. పెద్దలకు చేతకాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలను అడగండి, ఇందులో చిన్నతనమేమీ లేదు. తేలకపోతే పంపకండి.

ఇప్పటికే పంపి ఉంటే? చెరిపివేస్తే సరిపోదు, చదివినవారి మనసులో అది మిగిలే ఉంటుంది. సత్యాన్ని దాచినవారి విషయంలో బఖరా సూరా 160వ ఆయత్ తౌబాతోపాటు దిద్దుబాటును, సత్యాన్ని వెల్లడించడాన్ని కూడా కోరింది. పంపిన గ్రూపులోనే 'నేను పంపినది అబద్ధం' అని రాయాలి. టీకాపై వచ్చిన ఆ మాటకు మన మస్జిద్ గ్రూపులో ఇంతవరకు ఎవరూ దిద్దుబాటు పెట్టలేదు. ఈ రోజు అసర్ నమాజులోపు మేమే పెడతాము.