మాట మిగిలినది, వ్రాత మిగులవలెను

(తుంబలహళ్లిలో జరిగిన సంఘ సమావేశమున ఒక విశ్రాంత తెలుగు ఆచార్యుడు చేసిన ప్రసంగ పాఠము)



గడచిన 2025వ సంవత్సరమున చూచినది, చేసినది, తలచినది మాకు చెప్పుడని సంఘ కార్యదర్శిగారు నన్ను కోరిరి. పాఠములు చెప్పుకొని బ్రతికినవానికి ఇది సులభమైన పని కాదు. మా సంవత్సరము జూన్ నెలలో మొదలై ఏప్రిలుతో ముగియును. నడుమ పరీక్షలు తప్ప చెప్పుకొనదగిన ఘనకార్యము లుండవు. అయినను గడచిన యేడు నాకు అట్టిది కాదు. ముప్పది యేండ్లకు పైగా తెలుగు బోధించి, ఆ వేసవిలో ఉద్యోగ విరమణ చేసి, పుట్టిన జిల్లాకు తిరిగి వచ్చితిని. తరగతి గదిలో చెప్పిన భాషను ఇండ్లలోను పొలములలోను వినుటకు తీరిక దొరకినది. ఆ వినికిడివలన కలిగిన తలంపులు మూడు. ఒకటి మాటను గూర్చి, రెండవది వ్రాతను గూర్చి, మూడవది లెక్కను గూర్చి. వీనినే మీ యెదుట ఉంచెదను.

మొదట మాట సంగతి. ఈ జిల్లా పటమును తెరచినచో మన చరిత్ర ఊళ్ల పేర్లలోనే కనబడును. మనము కూడియున్న ఈ తుంబలహళ్లి కడను ఉన్న 'హళ్లి' కన్నడము. పాపిరెడ్డిపట్టిలో రెడ్డి మనవాడు, పట్టి తమిళము. మూడు భాషలు ఒకే సంతలో బేరమాడు సీమ యిది. ఇట్టిచోట తరతరములుగా నిలిచిన తెలుగు ఎట్లుండునో తెలిసికొనవలెనని నాకు చిరకాలపు కోరిక.

ఆ కోరికకు ఒక కారణము కలదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయ పదములతో కూడిన మాండలిక వృత్తి పదకోశమును వెలువరించినది. రైతుల నోటినుండి ఏరి కూర్చిన పదములవి. అయితే ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో జరిగినది. ఆ నాటికి ధర్మపురి ప్రత్యేక జిల్లా కూడ కాదు. 1965 వరకు సేలము జిల్లాలో ఒక భాగము. కావున మన పొలముల మాటలు ఆ గ్రంథపు ఎల్లకు వెలుపలనే నిలిచిపోయినవి. నా శక్తికొలది ఆ లోటు కొంత పూరింపవలెనని ఒక పుస్తకము చేతబట్టి ఊరూరు తిరుగుట మొదలిడితిని.

ఒక్క ఉదాహరణము చెప్పెదను. కన్నడమున 'నొగ' అనగా ఎద్దుల మెడపై వేయు కాడి. తమిళమున 'నుగం' అన్నను కాడియే. తెలుగున మాత్రము నొగ అనగా బండికి ముందు సాగియుండు పొడవాటి కొయ్య. ఇరుప్రక్కల రెండు భాషలును ఒక అర్థమునే చెప్పుచుండగా మన పెద్దలు తమ అర్థమును మార్చుకొనియుందురని నేను ఊహించితిని. ఒక వృద్ధ రైతు నడిగితిని. "నొగ బండిదయ్యా, కాడి ఎద్దులది. రెండూ ఒకటెట్లా అవుతుంది?" అని ఆయన నన్నే ప్రశ్నించెను. నాగలిని పట్టు పిడికి మనము 'మేడి' అందుము, తమిళులు 'మేళి' అందురు. ఒకే మూలమునుండి పుట్టిన అక్కచెల్లెండ్రవలె ఈ రెండు మాటలును ఒకే పొలము గట్టున నిలిచియున్నవి. ఎవరి మాటను ఎవరును అపహరింపలేదు.

అయితే ఆ వృద్ధుని మనుమడు ట్రాక్టరు నడుపుచున్నాడు. నాగలి అటకపై నున్నది. కర్రు, మేడి, కాడి అను మాటలును దానితోపాటు అటక యెక్కినవి. పరికరము పోయిన పిమ్మట పదమును నోటిలో నిలుపుట ఎవరికిని సాధ్యము కాదు. దానిని కాగితముపై నిలుపవచ్చును. ఇచ్చటనే నా రెండవ తలంపు మొదలగుచున్నది.

నేను పదములు వ్రాసికొనుచున్నానని తెలిసి ఒక ఇంటివారు పాత పెట్టె తెరచి ఒక కాగితముల కట్టను నా చేతికిచ్చిరి. ఇంటి పెద్దాయన తాతగారు వ్రాసిన జాబులవి. ఆ ఇంట అందరును తెలుగే మాటాడుదురు. మనుమరాలు అవ్వతో పోట్లాడునది కూడ తెలుగుననే. కాని ఆ జాబులు చదువగలవారు ఒక్కరును లేరు. నేను అరుగుపై కూర్చుండి చదివితిని. బావి త్రవ్వుటకు చేసిన అప్పు, చెల్లెలి పెండ్లికి అమ్మిన ఎడ్లజత, తమ్మునికి చేయవలసిన వాటా, ఇవియే అందలి విషయములు. చదువుచున్నంతసేపు వారు నిశ్శబ్దముగా వినిరి. ఒక్క మాటకైనను అర్థము చెప్పవలసిన అవసరము రాలేదు. చదువుట ముగిసిన పిదప ఆ ఇల్లాలు "మా మామగారు అచ్చంగా ఇట్లానే మాట్లాడేవారండీ. ఇన్నేండ్లు ఈ కట్టను పూజగదిలో పెట్టి దండం పెట్టుకొన్నామేగాని, ఇందులో ఏముందో తెలియదు" అనెను.

ముప్పది యేండ్లు నేను సాహిత్య చరిత్ర చెప్పితిని. తంజావూరు, మధుర నాయకరాజుల కొలువులలో వెలసిన దక్షిణాంధ్ర సాహిత్యమును గూర్చియు, తిరువయ్యారున త్యాగరాజస్వామి తెలుగున పాడుటను గూర్చియు ఎన్నియో ఉపన్యాసము లిచ్చితిని. అవి మనకు గర్వకారణములే. కాని తన తాత వ్రాసిన జాబును తాను చదువలేని ఇంటికి ఆ గర్వము ఏమి మేలు చేయును?

మాట ఉన్నది గదా, ఏ లిపిలో వ్రాసిననేమి అని యువకులు అడుగుదురు. సెల్‌ఫోనులో తెలుగు మాటలను ఆంగ్లాక్షరములతో కొందరు, తమిళాక్షరములతో కొందరు వ్రాయుచున్నారు. తమిళ లిపి తమిళమునకు చక్కగా అమరినది. అందు 'ప' కారమునకును 'బ' కారమునకును ఒకే గుర్తు చాలును. మన భాషకు అది చాలదు. ఆ లిపిలో 'పాట', 'బాట' ఒకే రీతిగా నుండును. 'కంప', 'గంప' అంతే. 'తడి', 'దడి' అంతే. ఆంగ్లాక్షరములతో వ్రాసినచో 'కల్లు', 'కళ్లు' ఒకటియే యగును. లోపము ఆ లిపులది కాదు. ఒకరి కొలతకు కుట్టిన చొక్కా మరియొకరికి సరిపడదు, అంతియే.

ఈ తలంపుతో గడచిన యేడు జూలై మాసమున కొందరు తల్లిదండ్రుల ప్రోత్సాహముతో ఆదివారపు తరగతి నొకదానిని ఆరంభించితిని. పది పండ్రెండు మంది పిల్లలు వచ్చిరి. నేను నేర్చిన దొక్కటి. మాట ఎరిగిన బిడ్డకు అక్షరము భారము కాదు. తెలుగు తెలియని విద్యార్థికి ఒక యేడు పట్టునది వీరికి కొన్ని నెలలే పట్టినది. దసరా నాటికి గుణింతములు వచ్చినవి. ఒక బాలిక కృష్ణగిరి బస్టాండులో కుప్పము పోవు ఆంధ్ర బస్సు పలకను బిగ్గరగా చదివి, తండ్రిని ఆశ్చర్యపరచినదట. ఆ కుప్పముననే 1997లో స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయ మున్నది. మనకు ఆచార్యులు దూరమున లేరు. అడుగువారే కరవు.

బడి సంగతి మీకు తెలియనిది కాదు. 2006 నాటి తమిళ భాషాభ్యసన చట్టము ఒకటవ తరగతితో మొదలై, యేటేట ఒక్కొక్క తరగతి పైకి సాగి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు పదవ తరగతి తమిళ పరీక్షనుండి సర్వోన్నత న్యాయస్థానము 2023 ఫిబ్రవరిలో ఇచ్చిన మినహాయింపు ఆ యొక్క విద్యా సంవత్సరమునకే. 2025 ఆగస్టు 8వ తేదీన వెలువడిన రాష్ట్ర విద్యావిధానము తమిళము, ఆంగ్లము అను ద్విభాషా పద్ధతినే నిలిపినది. తమిళము మన పిల్లలు తప్పక నేర్వవలెను, చక్కగా నేర్వవలెను. అది మనకు అన్నము పెట్టు నేల భాష. దానితోపాటు తెలుగు అక్షరములు కూడ నేర్పుడనుటయే మన కోరిక. న్యాయవాదము న్యాయవాదులు చేయుదురు. ఆదివారము రెండు గంటలు పిల్లలను కూర్చుండబెట్టుటకు మాత్రము ఏ చట్టమును మనకు అడ్డురాదు.

ఇక మూడవది లెక్క. రాజ్యాంగమునకు 1956లో చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. అంతకు పూర్వమే, 1949లో, విద్యామంత్రుల సమావేశము ఒక సూత్రమును ఏర్పరచినది. తరగతికి 10 మంది గాని, బడి మొత్తమునకు 40 మంది గాని ఉన్నచో ఆ భాషకు బోధన వసతి ఉండవలెనని ఆ సూత్రము. అనగా హక్కు ఎంత గొప్పదైనను అది తుదకు తలల లెక్కపై నిలిచినది.

2011 జనగణనలో తమిళనాడున తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైబడిరి. వందకు ఆరుగురికి కొంచెము తక్కువ. 2021లో జరుగవలసిన గణన జరుగలేదు. గడచిన యేడు జూన్ 16న వెలువడిన ప్రకటనలో 2027 మార్చి 1ని ప్రమాణ దినముగా నిర్ణయించిరి. ఆ వార్త చదివిన నాటినుండి నేను పోయిన ప్రతి ఇంటను "వెనుక గణనలో మాతృభాష ఏమని చెప్పితిరి?" అని అడుగుచు వచ్చితిని. "మాకు తెలుగు చదవను, వ్రాయను రాదు గదా, తమిళమే చెప్పితిమి" అని పలువురనిరి.

ఇది అపోహ. జనగణన అడుగు మాతృభాషకును చదువునకును సంబంధము లేదు. బాల్యమున తల్లి బిడ్డతో ఏ భాష మాటాడెనో అదియే మాతృభాష. తల్లి శైశవముననే గతించినచో ఇంటిలో వాడిన భాష. 2011 పత్రమున తెలిసిన ఇతర భాషలు వ్రాయుటకు వేరుగా రెండింటికి చోటుండెను. తమిళమును అచ్చట గౌరవముగా చెప్పవచ్చును. అందువలన ఎవరికిని అవమానము లేదు, ఎవరితోను తగవు లేదు. అడిగినదానికి సత్యము చెప్పుటయే. అక్షరము రాదన్న సిగ్గుతో మాటను కూడ దాచినచో, లెక్కలో మనము లేము. లెక్కలో లేనివారికి ఉపాధ్యాయుని పంపువా రుండరు. ఉపాధ్యాయుడు లేనందున అక్షరము రాదు. ఈ చక్రమును ఎచ్చటనో ఒకచోట ఆపవలెను.

కావున పెద్దలారా, నా మనవి మూడు మాటలలో చెప్పెదను. ఇంటిలోని ముసలివారి మాటలను ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. అట్లు వ్రాయుటకు మీకు చేతకాకున్నచో ఆదివారము మీ పిల్లలను పంపుడు, వారు నేర్చి వ్రాయుదురు. గణకుడు మీ గడపకు వచ్చినపుడు అమ్మ మీతో మాటాడిన భాష పేరు వెనుదీయక చెప్పుడు. పాత కాగితములు ఏ ఇంట నున్నను నాకు కబురంపినచో వచ్చి చదివి పెట్టుదును. కాని నేను చదువుట కన్న మీ మనుమలు చదువుట నాకు ఎక్కువ సంతోషము.