మలంచా నుంచి ముంబయికి ఎన్ని మిల్లీసెకన్లు?

ఖరగ్‌పూర్ మలంచాలోని మన తెలుగువాళ్లు నెట్ తడబడితే స్పీడునే తిడతారు. అసలు చూడాల్సింది ఆలస్యం. మనం వాడే సర్వర్ ముంబయిలో ఉందనుకోండి. ముంబయి ఇక్కడికి రైలుదారిలో సుమారు 1,850 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు. ఆ దారినే కేబుల్ వేసినా, సంకేతం పోయిరావడానికి 18 మిల్లీసెకన్లు తప్పవు. ఏ కంపెనీ ప్రకటనా దీన్ని తగ్గించలేదు!

ఆలస్యం తగ్గిస్తామంటూ అమ్మే క్లౌడ్ యాక్సిలరేషన్ సేవ మన డేటాను దగ్గరి కేంద్రంలో అందుకుని, తన సొంత లైన్లలో పంపి, చుట్టుదారులు తప్పిస్తుంది. అంతే. 1983లో మైక్ మ్యూస్ రాసిన, సంకేతం పోయివచ్చే సమయాన్ని కొలిచే పింగ్ ప్రోగ్రాంతో దాన్ని పరీక్షిస్తే చాలాసార్లు బదులిచ్చేది ఆ దగ్గరి కేంద్రమే, అసలు సర్వర్ కాదు. అంకె చిన్నదని మురిసిపోకండి. సేవ ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒకే ఫైలు దింపి చూడండి. రాత్రి రద్దీవేళ కూడా తేడా కనిపిస్తేనే డబ్బు కట్టండి.