ఫలానావారి అబ్బాయి, ఫలానావారి అమ్మాయి

స్నాతకోత్సవానికి పిలిచిన వక్త లోకాన్ని జయించమని చెప్పి దిగిపోవడం ఆనవాయితీ. ఈ వక్తకు ఆ అర్హత లేదు. ఆయన ఉత్త పాఠకుడు. కుటుంబాల గురించి, ఆ కుటుంబాల మధ్య ఒక మనిషి తానెవరో తేల్చుకోవడం గురించి రాసిన పుస్తకాలంటే పిచ్చి. అందుకని ఇవాళ అలాంటి పుస్తకాల మీద నాలుగు అభిప్రాయాలే ఉంటాయి. నచ్చకపోతే పోట్లాడవచ్చు. పట్టా ఎలాగూ చేతికొచ్చేసింది.

పట్టా అనగానే ముందుగా చెప్పుకోవలసిన కథ పి. సత్యవతి 'ఇల్లలకగానే'. ఇల్లు అలకడంలో మునిగిపోయిన ఒక ఇల్లాలు ఓ రోజు తన పేరు మరిచిపోతుంది. మొగుడికి ఆమె 'ఏమోయ్', పిల్లలకు అమ్మ, ఇరుగుపొరుగుకు ఫలానా ఆయన భార్య. పుట్టింటికి వెళ్లి తన సర్టిఫికెట్లు ఏమయ్యాయని అడుగుతుంది, పేరు వాటి మీదైనా ఉంటుందని. చివరికి చిన్ననాటి స్నేహితురాలు 'శారదా' అని పిలిస్తే గానీ ఆమెకు తను తిరిగి దొరకదు. నాలుగైదు పేజీల కథ. అందులో దుర్మార్గులెవరూ లేరు. ఎవరూ ఆమెను కొట్టరు, గెంటేయరు. అంత భయపెట్టేది కూడా అందుకే. ఇక్కడ బంగారు పతకాలు అందుకున్న అమ్మాయిలు తప్పక చదవాలి. వాళ్లను చేసుకోబోయే అబ్బాయిలు అంతకన్నా ముందు చదవాలి.

తానెవరన్న ఇదే ప్రశ్నను 1940లలో తెలుగు నవల మగవాళ్ల వైపు నుంచి అడిగింది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావుకు తండ్రి అప్పజెప్పిపోయింది వంశప్రతిష్ఠ. దాన్ని నిలబెట్టబోయి ఉన్న ఆస్తి ఊడ్చేస్తాడు. ఆస్తి పోయాక ఆ ప్రతిష్ఠ లేకుండా బతకడం చేతగాక లోలోపల కుళ్లి నశిస్తాడు. గోపీచంద్ ఈ నవలను తన తండ్రి, హేతువాది త్రిపురనేని రామస్వామికి అంకితమిచ్చాడు, ఎందుకని అడగడం నేర్పినందుకు. తండ్రి మాట కింద నలిగిపోయిన కొడుకు కథ, ఎవరి మాటనైనా నిలదీయమన్న తండ్రి చేతికి! ఇంతకంటే చమత్కారమైన అంకితం తెలుగులో వెతికినా దొరకదేమో.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధిని వెంటాడేది ప్రతిష్ఠ కాదు, అపవాదు. తల్లి నడత గురించి లోకం చెప్పుకునే మాటలు, ఆయన డాక్టరయ్యాక కూడా, వదలవు.

రెండూ గొప్ప నవలలే. అయినా ఇప్పుడు చదువుతుంటే కొంచెం చిరాకు పుడుతుంది. ఈ ఇద్దరు నాయకులకూ తమ గురించి తాము కుమిలిపోవడానికి కావలసినంత తీరిక ఉంది. కట్టుకున్నవాళ్ల మనసులో ఏముందో మాత్రం పాఠకుడికి తెలిసేది అంతంతమాత్రం. పైగా పోగొట్టుకోవాలన్నా ముందు ఒక వంశం, కాస్త పొలం, నలుగురిలో పేరు ఉండాలి కదా. అవేవీ లేని ఇంట్లో 'నేనెవర్ని' అన్న ప్రశ్న ఎక్కణ్నుంచి మొదలవుతుంది?

వై.బి. సత్యనారాయణ రాసిన 'మా నాయన బాలయ్య' అక్కణ్నుంచే మొదలవుతుంది. 2011లో ముందు ఇంగ్లీషులో వచ్చి, తర్వాత తెలుగైంది. కరీంనగర్ ప్రాంతపు మాదిగ కుటుంబం. పూర్వీకుడొకరు కుట్టిన చెప్పులకు మెచ్చి నిజాం 50 ఎకరాలు ఇచ్చాడు. ఊరి దొర చూస్తూ ఊరుకుంటాడా? కుటుంబానికి మిగిలింది రెండెకరాలు. తర్వాతి తరాలకు దారి చూపింది పొలం కాదు, రైలు. బాలయ్య రైల్వేలో చిన్న ఉద్యోగి. క్వార్టర్ల ఇరుకులోనే పిల్లలను చదివించాడు. కొడుకుల్లో ఒకరు ఉస్మానియాలో ప్రొఫెసరయ్యారు, ఈ పుస్తకం రాసినాయన కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యారు. పుస్తకం అక్కడక్కడా సర్వీసు రిజిస్టరులా నడుస్తుందని ఫిర్యాదు చేయవచ్చు: బదిలీ, పరీక్ష, ఉద్యోగం, మళ్లీ బదిలీ. కానీ ఆ ఇంట్లో ఒక్కో పరీక్ష పాసవడం ఒక్కో తరం చేసిన పని. సీతారామారావుకు వంశం నెత్తిన బరువైంది. బాలయ్య తన వంశాన్ని తానే కట్టుకోవలసి వచ్చింది. ఇల్లు వదిలితేనే మనిషి దొరుకుతాడన్న సలహా ఇలాంటి ఇళ్ల ముందు నిలవదు.

మరి ఇల్లే తరిమేస్తే? తమిళనాడులోని నామక్కల్ ప్రాంతంలో అబ్బాయిగా పుట్టి, ఆడమనిషిగా బతకాలనుకున్న ఎ. రేవతి తన కథ చెప్పుకుంది. దాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేసింది 'ఇల్లలకగానే' రాసిన సత్యవతే. 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం దానికే వచ్చింది. రేవతిని అన్నలు చావబాదారు. ఆమె ఢిల్లీ వెళ్లింది, ముంబై వెళ్లింది. అక్కడ హిజ్రాల మధ్య గురువు, చేలా, నాని అంటూ ఇంకో కుటుంబం దొరికింది, దాని కట్టుబాట్లతో, దాని చీవాట్లతో సహా. విచిత్రం ఏమంటే ఆమె మళ్లీ మళ్లీ పుట్టింటికే వస్తుంది. అమ్మానాన్నల చేత కూతురనిపించుకోవాలన్న పట్టు పుస్తకం పొడుగునా సడలదు. దీన్ని బలహీనత అనుకునే పాఠకులు ఉండవచ్చు. ఈ వక్త దృష్టిలో పుస్తకానికి ప్రాణం అదే. దేశ సుప్రీంకోర్టు థర్డ్ జెండర్‌ను గుర్తించింది 2014లో. ఇంటి గడప అంతకంటే మొండిది.

నవ్వుతూ చదవాలనుకుంటే మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఉంది. ఒక ముస్లిం పిల్లవాడు నెల్లూరు యాసలో అమ్మ గురించి, నాయన గురించి చెప్పుకుంటూ పోతాడు. తానెవరో ఎక్కడా ప్రకటించడు. అక్కర్లేదు, యాసే చెప్పేస్తుంది.

ఇలాంటి పుస్తకాలకు ముడిసరుకు ఈ హాల్లో వెనక వరసల్లోనే కూర్చుని ఉంది. ఏ పొలం ఎప్పుడు చేజారింది, ఎవరి చదువు ఎవరి కోసం ఆగింది, ఎవరి పేరు ఇంట్లో ఎత్తకూడదు, ఇవి అక్కడ కూర్చున్న తల్లిదండ్రులకు తెలుసు. అడిగితే అన్నీ చెప్పరు. కొన్ని అబద్ధాలు కూడా చెబుతారు.

వరంగల్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరైన సుజాత గిడ్ల అలాగే అడిగింది. తల్లి మంజులను, మేనమామ కె.జి. సత్యమూర్తిని గంటల తరబడి మాట్లాడించి రికార్డు చేసుకుంది. సత్యమూర్తి అంటే శివసాగర్ పేరుతో కవిత్వం రాసినాయన, పీపుల్స్‌వార్ వ్యవస్థాపకుల్లో ఒకరు. ఆ మాటల్లోంచి 2017లో 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' వచ్చింది. అందులో విప్లవం ఉంది, కులం ఉంది, మేనమామ మీద గౌరవం ఉంది. ఆ ఇంటి మగవాళ్లు మంజుల మీద చలాయించిన పెత్తనం కూడా దాపరికం లేకుండా ఉంది. పుస్తకం మూసేశాక చాలామందికి గుర్తుండేది ఆ మంజులే. సత్యమూర్తి 2012లోనే పోయారు. ఉండి చదివితే అన్ని పేజీలకూ ఒప్పుకునేవారా అంటే అనుమానమే. రాసింది ఆయన పార్టీ కాదు, మేనకోడలు.