స్టీరింగు పట్టే చేతికి డాక్టరు చీటీ



మాస్టరు గనుక చదువు గురించే మాట్లాడతాడని మీరనుకొని ఉంటారు. కాని మా బడి పిల్లల్లో చాలామంది తండ్రులు లారీ, బస్సు, ఆటో నడిపి ఇల్లు గడుపుతున్నవారే. తండ్రి ఆరోగ్యం దెబ్బతింటే ముందు ఆగిపోయేది పిల్లవాడి చదువు. అందుచేత డ్రైవర్ల వైద్య పరీక్ష గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

1988 మోటారు వాహనాల చట్టం కింద రవాణా బండ్లు నడిపేవారు ఫారం 1-ఎ అనే డాక్టరు సర్టిఫికెట్టు ఇవ్వాలి. అందులోని ప్రశ్నలు చాలా సాదావి. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరాన కారు నంబరు ప్లేటు కనిపిస్తుందా? రేచీకటి ఉన్నదా? హారన్ వినిపిస్తుందా? 2019 సవరణతో రవాణా లైసెన్సు గడువు 3 ఏళ్ళ నుంచి 5 ఏళ్ళకు పెరిగింది. ఈలోగా కంటికి శుక్లం రావచ్చు, ఒంటికి షుగరు రావచ్చు. కాగితం మాత్రం చెల్లుతూనే ఉంటుంది.

చూడకుండా సంతకం పెట్టే డాక్టరు దొరికితే చాలుననుకునేవారు కూడా ఉన్నారు. ఆ చీటీ ఆఫీసులో చెల్లుతుంది గాని, రాత్రిపూట ఎదురు లారీ లైట్ల ముందు చెల్లదు సుమండీ!

జబ్బు చెబితే పని పోతుందని భయం. ఆ భయం ఊరికే రాలేదు, నాకు తెలుసు. కాని కళ్ళజోడుతో సరిదిద్దుకున్న చూపును చట్టం ఒప్పుకుంటుంది. శుక్లానికి ఆపరేషను ఉన్నది. 2020లో కొద్దిపాటి, మధ్యరకం వర్ణాంధత్వం ఉన్నవారికి కూడా లైసెన్సు ఇచ్చేటట్లు నిబంధన సడలించారు. దాచిన జబ్బే ప్రమాదం. ఇన్సులిన్ తీసుకొని అన్నం మానేసిన మనిషికి స్టీరింగు మీదనే చెమటలు పట్టి, తెలివి తప్పవచ్చు.

ఇక మత్తు సంగతి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి సారా ఉంటే, మొదటిసారికే 6 నెలల జైలు, లేదా 10,000 రూపాయల జుర్మానా, లేదా రెండూ పడవచ్చు. బండి అదుపు తప్పేంత మత్తుమందు తీసుకున్నా అదే సెక్షను. కాని రోడ్డు మీద ఊదించే మిషను సారానే పడుతుంది. గంజాయి, మాత్రలు తేలాలంటే లేబొరేటరీకి పోవాలి.

అమెరికాలో 1987 జనవరిలో మేరీలాండు రాష్ట్రంలోని చేజ్ దగ్గర రైలు ప్రమాదంలో 16 మంది చనిపోయారు. ఇంజను సిబ్బంది గంజాయి పీల్చినట్లు తేలింది. 1991లో అక్కడ చట్టమే చేశారు. పెద్ద బండ్ల డ్రైవర్లకు ఉద్యోగంలో చేరకముందు ఒకసారి, తరువాత చెప్పాపెట్టకుండా, ఘోర ప్రమాదం జరిగితే మళ్ళీ పరీక్షలు. మన మోటారు చట్టంలో అటువంటి ఏర్పాటు లేదు. ఉంటే మంచిదే.

అయితే ఒక మాట. నిద్ర రాకుండా మాత్ర మింగే డ్రైవరును పరీక్షించి, రెండు రాత్రులు వరుసగా తోలించిన యజమానిని వదిలేస్తే అది సగం ఇన్సాఫే. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని 1961 చట్టంలోనే హద్దు పెట్టారు. ఎంతమంది పాటించారో మీకే తెలుసు.

సంఘం పెద్దలకు నా మనవి ఒక్కటే. ఏడాదికొకసారి మన డ్రైవర్లకు కళ్ళు, షుగరు, బి.పి. చూపించే ఏర్పాటు చేయండి. వివరం డ్రైవరుకు తప్ప ఎవరికీ తెలియనివ్వకండి, అప్పుడే ధైర్యంగా వస్తారు. అమ్మలారా, మీరు కూడా జలుబు మాత్ర ఇచ్చేముందు అది నిద్ర తెస్తుందేమో డాక్టరును అడగండి. బండిలో కూర్చున్నవారి ప్రాణాలు డ్రైవరు చేతిలో అమానత్. ఆ డ్రైవరు ప్రాణం మన చేతిలో అమానత్.