బూడిద పడే చోట హక్కు కూడా ఉంది



చంద్రపూర్ ఉష్ణ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. దాని వెలుగు దూరనగరాలకు చేరుతుంది. బూడిద, బొగ్గుధూళి చుట్టుపట్ల పేటలపై వాలుతాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన సూచికలో చంద్రపూర్ ప్రాంతం 83.88తో దేశంలో నాలుగవది. ఆ పట్టికలో పైకెక్కడం ఊరికి అనర్థం.

వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ దీనికి తోడైతే రేకుల ఇంటివారికి, ఆరుబయట కూలివారికి భారం రెట్టింపవుతుంది. విద్యుత్తు తక్కువ వాడేవారే ఎక్కువ బాధపడుతున్నారు. ఈ అసమానతను సరిదిద్దడమే పర్యావరణ న్యాయం.

అందుకు సాధనాలున్నాయి. గాలి, నీటి పరీక్షల ఫలితాలను 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద కోరవచ్చు. 30 రోజులలో సమాధానం రావాలి. దరఖాస్తు మరాఠీ, హిందీ, ఇంగ్లీషులలో ఉండాలి. వ్రాయలేనివారు నోటితో చెప్పినదానిని కాగితంపై పెట్టించడంలో సాయపడటం సమాచార అధికారి విధి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు.

కాలుష్యంవల్ల నష్టపోయినవారు పరిహారానికి పూణెలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ ధర్మాసనాన్ని 5 సంవత్సరాలలోగా ఆశ్రయించవచ్చు. వైద్యపు చీటీలు, ఫొటోలు, తేదీలు భద్రపరచుకోవాలి.

వడదెబ్బ తగిలినవారిని వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు చల్లబరుస్తూ, 108కి ఫోను చేయాలి.

పొట్టకూటికై వచ్చిన ఊరని ఊరకుండనక్కరలేదు. ఈ గాలి పీల్చే ప్రతివారికీ దాని లెక్క అడిగే హక్కుంది.