వహాబీ అన్న మాట
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



కమిటీవారు చరిత్ర మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉర్దూలో పాఠాలు చెప్పుకునే మాకు తెలుగు ఉపన్యాసమంటే కొంచెం జంకే. తప్పులుంటే మన్నించండి.

ఆ మధ్య పిల్లలను ఉదయగిరి కోట చూపించడానికి తీసుకుపోయాము. కొండ దిగుతూ ఒక పిల్లవాడు, "సార్, ఇక్కడి జాగీర్దారును ఇంగ్లీషువాళ్ళు ఎందుకు పట్టుకుపోయారు?" అన్నాడు. కుట్ర చేశాడని, అన్నాము. "ఏం కుట్ర సార్?" అన్నాడు. మేము నీళ్ళు నమిలాము.

అది 1839 నాటి సంగతి. రాయ్‌బరేలీ సయ్యద్ అహ్మద్‌గారు 1831లో బాలాకోట్‌లో షహీదైన తర్వాత ఆయన అనుచరులు ఊరూరా తిరిగి బోధించారు. వాళ్ళు తమను వహాబీలమని చెప్పుకోలేదు, అది ఇతరులు తగిలించిన పేరు. హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా వారి పక్షం చేరాడు. ఇక్కడ నెల్లూరులో కంపెనీ అధికారులు బోధకుల మీద నిఘా పెట్టారు. ఉదయగిరి జాగీరు పోయింది, జాగీర్దారును చెంగల్పట్టులో నిర్బంధించారు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తిరుచిరాపల్లి పంపారు, 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. ముబారిజుద్దౌలా గోల్కొండలో ఖైదీగానే 1854లో కన్నుమూశాడు.

అంతా కట్టుకథ అని మేము అనము. కర్నూలు నవాబు దగ్గర ఫిరంగులు, మందుగుండు గుట్టలుగా దొరికిన మాట నిజమే. కాని ఫిరంగి దాచినవాడికీ, ఖురాన్ చెప్పే మౌల్వీకీ ఒకటే పేరైతే ఎలా?

ఇది మనకొక్కరికే జరిగిందనుకోకండి. ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడిన అమెరికా వలసల్లో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. బోస్టన్‌లో ఏటా నవంబరు 5న పోపు బొమ్మను ఊరేగించి తగలబెట్టేవారు. 1774లో బ్రిటిషు పార్లమెంటు క్యుబెక్ కాథలిక్కులకు మతస్వేచ్ఛ ఇస్తే, తమ కొంప మునిగిందని గగ్గోలు పెట్టారు. ఆ అక్టోబరు 21న వారి కాంగ్రెసు బ్రిటిషు ప్రజలకు రాసిన ఉత్తరంలో, కాథలిక్కు మతం మీ దీవిని నెత్తురుతో ముంచెత్తిందన్నారు. 26న అదే కాంగ్రెసు క్యుబెక్ వారికి రాస్తూ, మాతో కలవండి, మతం మనకు అడ్డు కాదన్నారు. అయిదు రోజులే తేడా! మొదటి ఉత్తరం కూడా కెనడాకు చేరింది మరి. 1775 నవంబరు 5న వాషింగ్టన్ తన సైన్యంలో ఆ బొమ్మ కాల్చే వేడుకను నిషేధించాడు. మరుసటి ఏడు ఫ్రాంక్లిన్ వెంట చార్లెస్ కారల్ అనే కాథలిక్కును, పాదిరీ అయిన ఆయన బంధువునూ కెనడా పంపారు. వాళ్ళు కదలలేదు. ఆ కారలే అదే 1776లో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేశాడు.

ఇక మన ఇంటి మాట. పెద్దలు కోపగించరాదు. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ వచ్చిందంటే మనలో ఏం జరుగుతుంది? చెరువు దగ్గరికి రానన్నవాడు వహాబీ. పోయినవాడు గోరీలకు మొక్కేవాడు. మాకు తెలిసిన ఒక సంబంధం నిశ్చయం నాడే తప్పిపోయింది. పిల్ల తండ్రి మా పాత విద్యార్థి. అతని నమాజు, నడవడి ఎవరూ అడగలేదు. వాకిట్లో ఎవరో వహాబీ అన్నారు, తెచ్చిన మిఠాయి తట్టలు అట్లాగే వెనక్కి పోయాయి. ఇంగ్లీషువాడు పోయి ఎన్నాళ్ళయింది!

ఆ పిల్లవాడికి మేమింకా జవాబు బాకీ. సోమవారం క్లాసులో ఆ రెండు ఉత్తరాల కథతో మొదలుపెడతాము. వస్సలాం.